బల్ల మీద మోచెయ్యి

గనివాళ్ళ ఇళ్ళు వరసగా ఉండే మా లైనులో నాకు గయ్యాళి అని పేరు. కామసముద్రం నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చి పదకొండేళ్ళయింది. ఈ పదకొండేళ్ళూ మా మామతో అరిచే మాట్లాడాను. "మామా, కాఫీ!" అంటే వీధి చివర దాకా వినిపిస్తుంది. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు మొదటి వారమంతా మా గుమ్మం వైపు జాలిగా చూస్తారు. పాపం ముసలాయన్ని ఈవిడ రాచి రంపాన పెడుతోంది అనుకుంటారు. రెండో వారానికి సంగతి తెలిసి నవ్వుకుంటారు. పేరు మాత్రం పోలేదు. పోవాలని నేనూ పెద్దగా పట్టుబట్టలేదు, నా నోరు నిజంగానే కొంచెం పెద్దది.

మామ గని లోపల రాతికి బొక్కలు కొట్టే డ్రిల్లు పట్టిన మనిషి. ఆ డ్రిల్లే ఆయన చెవుల్ని తినేసింది. మొదట పిట్టల కూతలు పోయాయట, తర్వాత ఆడవాళ్ళ గొంతులు, ఆ తర్వాత హార్మోనియం. చెవి మిషన్ కొనిచ్చాము. పెట్టుకున్న ప్రతిసారీ "అంతా పళ్ళెం కిందపడినట్టు ఉండాదమ్మా" అని తీసి చొక్కా జేబులో వేసుకునేవారు. చెవుడు వచ్చిందని ఆయన ఎప్పుడూ కుమిలిపోలేదు. కష్టమంతా ఒక్కచోటే ఉండేది. అది శనివారం సాయంత్రం భజన.

గనుల కాలంలో ఆంధ్రా పల్లెల నుంచి వచ్చినవాళ్ళు లైను చివర కట్టుకున్న చిన్న భజన ఇల్లు అది. అక్కడ తొలి పాట ఎప్పుడూ మామదే. ఆరేళ్ళ కిందట ఒక శనివారం ఆయన పాట ఎత్తుకున్నారు. హార్మోనియం ఒక శ్రుతిలో ఉంది, ఆయన మరో శ్రుతిలో. పాట చివరి దాకా అలాగే సాగింది. ఎవరూ ఆపలేదు, ఎవరూ నవ్వలేదు. కళ్ళు తెరిచి ముందు కూర్చున్నవాళ్ళ ముఖాలు చూసి ఆయనే తెలుసుకున్నారు. భజన నడిపే గురువుగారు మంచి మనిషి. తర్వాతి వారం మామ చేతిలో తాళాలు పెట్టి, "అన్నా, తాళం నువ్వే పట్టాల. నీ మాదిరి ఇంగెవురూ వెయ్యలేరు" అన్నారు. ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు. అప్పటినుంచి మామ తాళం వేశారే గాని నోరు మెదపలేదు. ఇంట్లో స్నానం చేస్తూ కూడా కూనిరాగం తీయలేదు.

ఆయన మళ్ళీ పాడాలి. నాకు కావలసింది అదొక్కటే.

నేను కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ప్రాక్టికల్స్ చేయిస్తాను. అక్కడ విద్యార్థుల ప్రాజెక్టుల కోసం తెప్పించిన చిన్న కంప్యూటర్లను చూసి నాకూ ఒకటి కొనుక్కున్నాను. ఒకే ఒక బోర్డు, దాని మీదే అన్నీ. పేకముక్కల కట్ట కంటే పెద్దది కాదు. మామూలు కంప్యూటర్లలో సంగీతం చేసేవాళ్ళు ప్లగిన్లు వాడతారు. ప్లగిన్ అంటే చేత్తో పట్టుకోలేని వాయిద్యం, కంప్యూటర్ లోపలే ఉంటుంది. కొన్ని వాయిద్యాలైతే కొన్ని పనిముట్లు: ఒకటి గొంతుకు బరువిస్తుంది, ఒకటి స్థాయి దించుతుంది, ఒకటి చిన్న గదిని పెద్ద గుడిగా మార్చేస్తుంది. చాలావాటిని పుణ్యాత్ములెవరో రాసి ఊరికే ఇచ్చేశారు. చిక్కేమిటంటే పెద్ద కంప్యూటర్ల కోసం తయారైనవి ఈ బుల్లి బోర్డుకు ఎక్కవు. దీనికి తగ్గట్టు మళ్ళీ కట్టుకోవాలి. ఒక ఆదివారం పొద్దున కాఫీ తాగి మొదలుపెట్టిస్తే, ఆ బోర్డు తన వాయిద్యాన్ని తానే కట్టుకుంటూ కూర్చుంది. రాగి సంగటి కెలికి, పప్పు తాలింపు వేసి, ఇల్లు తుడిచి వచ్చి చూసినా ఇంకా కడుతూనే ఉంది. అయ్యాక ఒక మీట నొక్కాను.

తంబుర మోగింది. మా ఆయన లోపలి గది నుంచి పరుగున వచ్చి వాయించే మనిషి కోసం వెతికినట్టు చుట్టూ చూశారు. నిజం చెబుతున్నాను, నాకు ఒళ్ళు జలదరించింది. ఇరవై ఏళ్ళుగా ఈ వైర్లతోనే నా బతుకు. కరెంటు ఏం చేస్తుందో, ఎందుకు చేస్తుందో నాకు తెలుసు. తెలిసి కూడా ఆ బోర్డు వైపు ఒక దణ్ణం పెట్టుకున్నాను. అరచేయంత జాగాలో తంబుర, హార్మోనియం, గుడి, గుడిలోని ప్రతిధ్వని, అన్నీ ఒదిగి కూర్చున్నాయి.

ఆ తర్వాత రెండు నెలలు నేను చేసినదంతా తెలివితక్కువ పనే. మామకు హెడ్‌ఫోన్లు పెట్టాను. మా ఆయన కీబోర్డు మీద హార్మోనియం వాయిస్తుంటే బోర్డులో శబ్దం పెంచాను. వినపడలేదంటే ఇంకా పెంచాను. పై స్వరాలు పోయాయి కదా అని వాటినే తెచ్చి ఆయన చెవిలో కుమ్మరించాను. ఎంత చదువుకున్నా చెవిటి మనిషి ఎదురుగా ఉంటే మనకు తెలిసిన విద్య ఒక్కటే, అరవడం. పదకొండేళ్ళుగా నోటితో చేసినదే ఇప్పుడు ప్లగిన్లతో చేశాను. ఆయన ఓపిగ్గా కూర్చొని, నా ముఖం చిన్నబోతుందని "ఏందో కొంచెం వస్తా ఉండాదమ్మా" అనేవారు. రావడం లేదని ఆయన కళ్ళే చెప్పేవి.

ఒక మధ్యాహ్నం నా సహనం చచ్చిపోయింది. బోర్డుకు పని ఎక్కువై శబ్దం మధ్యలో పటపటమంటోంది. కోపంతో బోర్డుకు తగిలించిన స్పీకరును బల్ల మీద బోర్లా పడేశాను. అది మామ పాతకాలం టేకు బల్ల. దాని రెండో చివరన కూర్చొని ఆయన చెనక్కాయలు ఒలుస్తున్నారు. ఆయన నన్ను గాని, నేను ఆయన్ని గాని పట్టించుకునే స్థితిలో లేము. పటపట ఎక్కడి నుంచి వస్తోందో చూద్దామని బాగా కింది స్థాయి స్వరం ఒకటి పెట్టాను. అది ఆగి ఆగి దెబ్బల్లాగా వచ్చే ఎఫెక్టు కూడా ఏదో తగిలించి ఉంది. నా చెవికే సరిగ్గా ఆనలేదు. చిరాకుతో ఆపేశాను.

తలెత్తితే మామ చేతిలో చెనక్కాయలు లేవు. కుడి అరచెయ్యి బల్ల మీద పరిచి ఉంది. ముఖం ఏదో పనిలో ఉన్న మనిషి ముఖం.

"పదకొండే వచ్చినాయి," అన్నారు. "ఇంగొకటి పేలలేదు. ఎవురూ లోపలికి పోగూడదు."

నాకు భయం వేసింది. మతి గాని తప్పిందా అనుకున్నాను. దగ్గరికి వెళ్ళి "ఏమైంది మామా?" అని అరిచాను. ఆయన నవ్వి చెప్పారు. గనిలో రోజూ పన్నెండు బొక్కలు కొట్టి, మందు కూరి, వత్తులు అంటించి మలుపు అవతలికి పోయి నిలబడేవారట. చెవుల్లో దూది. ఒక చెయ్యి రాతి గోడకు ఆనించి పేలుళ్ళు లెక్కపెట్టేవారు. పన్నెండు వస్తేనే లోపలికి అడుగు. పదకొండు వచ్చాయంటే ఒక బొక్కలో మందు ఇంకా బతికే ఉన్నట్టు. "చెవి అబద్ధం చెప్తాదమ్మా, సొరంగంలో ఒగ దెబ్బకు రెండు మోతలు వస్తాయి. చెయ్యి చెప్పదు," అన్నారు.

నేను వెనక్కి వెళ్ళి ఆ స్వరాన్ని ఇంకొక్క దెబ్బ కొట్టించాను. ఆయన అరచేతిని చూసుకొని "ఆ. ఇప్పుడు సరి" అన్నారు.

అప్పుడు ఏడ్చాను. ఆనందంతో కాదు, నా మీద నాకే వచ్చిన కోపంతో. గట్టిగా అరిస్తే వినపడుతుందని పదకొండేళ్ళు అనుకున్నాను. ఇంత గొప్పగా వినే మనిషి నా ఇంట్లోనే ఉన్నారు, ఆయన ఎక్కడ వింటారో ఒక్కసారి కూడా అడగలేదు.

మర్నాడే రాబర్ట్‌సన్‌పేటకు వెళ్ళి, కారు డిక్కీలో పెట్టే పెద్ద స్పీకరు ఒకటి తెచ్చి బల్ల కింద బిగించాను. మా ఆయన కీబోర్డు బోర్డులోకి వెళుతుంది. బోర్డు తంబురతో సహా ప్రతి స్వరాన్నీ ఒక స్థాయి కిందికి దించి, పదును తీసేసి, బరువు పెంచి బల్లకు అందిస్తుంది. మామ మొదట అరచేత్తో విన్నారు. మూడో రోజున తనకు తానే మోచెయ్యి బల్ల మీద పెట్టి, పిడికిలి దవడ కింద ఆనించుకున్నారు. "పండ్ల దాకా వస్తా ఉండాది," అని పళ్ళు చూపించారు. అలా కూర్చొని మెల్లగా గొంతు విప్పారు. శ్రుతి కలవకపోతే దవడలో వణుకు పుడుతుందట, కలిసేకొద్దీ వణుకు నిదానిస్తుందట. ఆయన వెతుక్కుంటూ, వెతుక్కుంటూ, ఒకచోట నిలిచారు. గొంతూ తంబురా ఒకటైపోయాయి. మా ఆయన కీబోర్డు మీది నుంచి చేతులు తీసేసి తండ్రి వైపు చూస్తూ ఉండిపోయారు. నాకు మాట రాలేదు. నాకు మాట రాకపోవడం మా ఇంట్లో పెద్ద విశేషం.

నెల రోజులు రోజూ సాయంత్రం సాధన చేశారు. ఒక శనివారం మా ఆయనా నేనూ బల్లను మోసుకొని భజన ఇంటికి వెళ్ళాము. గురువుగారు చూసి, "ఇదేందమ్మా, కూర్చునేదానికి చాప లేదనా బల్ల తెస్తిరి?" అని ఆటపట్టించారు. సంగతి చెప్పాక తాళాలు మామ చేతిలోంచి తీసుకొని తన ఒడిలో పెట్టుకున్నారు.

ఇంట్లో మైకు లేదు. అక్కడ ఉంది. మామ గొంతు కూడా బల్లలోకి వస్తే ఆయనకు ఇంకా ధైర్యంగా ఉంటుందని మైకు వైరు ఒకటి బోర్డుకు కలిపాను. మగ గొంతు కాబట్టి స్థాయి దించలేదు, కింది భాగాన్ని మాత్రం పెంచాను. కలపగానే మళ్ళీ పటపట. బోర్డు శబ్దాన్ని ముక్కలుగా అందుకొని పని చేసి పంపుతుంది. ముక్క చిన్నదైతే వెంటనే పంపుతుంది గాని దానికి ఊపిరాడదు. ముక్క పెద్దది చేస్తే శుభ్రంగా వస్తుంది, కాకపోతే రవ్వంత ఆలస్యంగా వస్తుంది. పెద్దది చేశాను. పటపట పోయింది. అంతకు మించి ఆలోచించలేదు.

మామ మోచెయ్యి బల్ల మీద పెట్టి, పిడికిలి దవడకు ఆనించి, కళ్ళు మూసుకున్నారు. తొలి పాట ఎత్తుకున్నారు. మొదటి పంక్తి సూటిగా వెళ్ళి శ్రుతి మీద కూర్చుంది. వెనక వరసలో ఎవరో ఆడమనిషి "అయ్యో దేవుడా" అంది. రెండో పంక్తి సగంలో మామ ఆగిపోయారు.

భజన ఇల్లంతా నా వైపు చూసింది. ఆయన కళ్ళు తెరిచి, వెనక్కి తిరిగి గోడ వైపు చూసి, నన్ను చూశారు.

"అమ్మా, నా ఎనకాల ఎవురో పాడతా ఉండారు. ఎవురా ముసలాయన?"

ఆయన వెనక గోడ తప్ప ఎవరూ లేరు. ఒక్క క్షణం తర్వాత నాకు అర్థమైంది. ఆయన తన గొంతు బయటి నుంచి విని ఎన్నో ఏళ్ళయింది. చివరిసారి విన్నప్పుడు అది గనిలో పనిచేసే మనిషి గొంతు. ఇప్పుడు బల్లలోంచి, రవ్వంత ఆలస్యంగా, అంచుల్లో వణుకుతూ, సగం పళ్ళు ఊడిన మాటలతో వస్తున్నది ఎవరిదో ఆయనకు తెలియదు. శ్రుతి గురించి అన్నీ ఆలోచించాను గాని, ఇది నాకు తట్టనే లేదు. నా వేలు మైకు మీట మీదే ఉంది. నొక్కేస్తే ఆ ముసలాయన మాయమైపోతాడు, మామ తన పాత గొంతుతోనే పాడుకోవచ్చు. కాని ఆయన నన్ను అడిగారు. ఈ మనిషికి అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు.

"మీరే మామా!" అని అరిచాను.

ఆయన బల్ల వైపు తిరిగారు. అరచేత్తో దాన్ని ఒకసారి నిమిరారు.

"శ్రుతి తప్పలేదు గదా, ఆయన?"

నేను నోరు తెరిచేలోగా గురువుగారే మైకు దగ్గరికి వంగి గట్టిగా, "తప్పలేదన్నా, యాడా తప్పలేదు," అన్నారు.

మామ మోచెయ్యి మళ్ళీ బల్ల మీద పెట్టారు. "అట్లయితే పాడనీలే," అని రెండో పంక్తి మొదటి నుంచి ఎత్తుకున్నారు.