బొట్టు దాకా నీళ్లు

మా పక్కింటి పెద్దనాయన పోయాడు. పోయిన వారం, వనపర్తిలో నేను పనిచేసే రక్తపరీక్షల ల్యాబులో ఒకామె చేతికి సూది గుచ్చబోతుంటే మా ఆయన ఫోన్ చేసి చెప్పాడు. "పెద్దనాయిన పోయిండు. నిద్రలనే పోయిండంట. చాయ్ ఇద్దామని లేపితే లేవలేదు."

నిజం చెబుతాను, మీరు ఏమనుకున్నా సరే. ఆ మాట వినగానే నాకు ఏడుపు రాలేదు. "మరి ఇయ్యాల నీళ్లెవరు పోస్తరు?" అన్న మాట వచ్చింది నోటికి. మా ఆయన "నీకేమన్న బుద్ధున్నదా?" అని ఫోన్ పెట్టేశాడు. ఆ సిగ్గు నన్ను ఇంకా వదలలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నీళ్లంటే మా ఇంట్లో చేపల తొట్టిలో నీళ్లు. మామూలు తొట్టి కాదు, ఉప్పునీళ్లది. చిన్నప్పుడు నాగర్‌కర్నూల్ బడి నుంచి మమ్మల్ని ఒకసారి సముద్రం చూడటానికి తీసుకుపోయారు. ఆ పిచ్చి అట్లాగే ఉండిపోయింది. ఏడాదిగా తొట్టిలో రెండు నారింజరంగు చారల చేపలు ఉన్నాయి. ఈ ఎండాకాలం మొదట్లో వాటికి తోడుగా ఒక సీ అనిమోన్‌ను తెప్పించుకున్నాను. సముద్రపు పువ్వు అంటారు కానీ అది పువ్వు కాదు, జంతువు. కింద పాదం ఉంటుంది, దాంతో రాయిని పట్టుకుంటుంది. పైన వేళ్లలాంటి మీసాలు, వాటి నడుమ నోరు. కుదురుకుంటే ఏళ్ల తరబడి బతుకుతుంది. కుదురుకోకపోతే చచ్చి, ఒక్కరోజులో నీళ్లన్నీ పాడుచేసి చేపల్ని కూడా చంపుతుంది. నేనేమో గ్యాసు కట్టేశానో లేదో అని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చే మనిషిని. నాలాంటిది అట్లాంటి జీవిని ఎందుకు కొన్నదో నాకే తెలియదు.

మా ఆయన బస్సు డ్రైవరు. హైదరాబాద్ నుంచి తన సీటు పక్కన పెట్టుకుని దాన్ని ప్లాస్టిక్ సంచిలో తెచ్చాడు. పెద్దనాయన గుమ్మంలో నిలబడి చూశాడు.

"ఏందది బిడ్డా, కల్లు ప్యాకెట్ లెక్క?"

చెప్పాను. లోపలికొచ్చి, నేను సంచిని తొట్టి నీళ్ల మీద తేలేసి, అందులోకి తొట్టి నీళ్లు కొంచెం కొంచెంగా కలుపుతుంటే చివరిదాకా చూశాడు. దాన్ని రాయి మీద దించగానే ముడుచుకుని నిమ్మకాయంత అయిపోయింది. చచ్చిపోతుందేమోనని తొట్టి అద్దానికి ముఖం ఆనించి కూర్చున్నాను.

"పెబ్బేరు సంతల కొన్న ఎద్దు గిట్లనే చేస్తది," అన్నాడు పెద్దనాయన. "మూడు దినాలు మేత ముట్టదు. ముంగట నిలబడి తిను తిను అంటే ఇంకింత బెదుర్తది. నీళ్లు పెట్టి మనం పక్కకు జరగాలె."

నేను జరగలేదు. జరిగింది అది. మర్నాడు చూస్తే రాయి వదిలి అద్దానికి అతుక్కుంది. ఆ పక్కరోజు పంపు దగ్గరికి పోయింది. పంపు లోపలికి లాగేస్తుందేమోనని మూతికి స్పాంజి చుట్టాను. నాలుగో రోజు పెద్ద రాయి వెనక్కి పోయి, కిటికీ వైపు తిరిగి, అక్కడే ఆగింది. ముందు నుంచి చూస్తే అంచు మాత్రమే కనిపిస్తుంది. ఉన్నదో పోయిందో తెలియదు. పొద్దున లేవగానే పళ్లు కూడా తోముకోకుండా నీళ్లు వాసన చూసేదాన్ని. సాయంత్రం ల్యాబు నుంచి రాగానే చెప్పులు విప్పకుండానే పైనుంచి ఫోన్ లైటు కొట్టేదాన్ని. ముడుచుకునే కనిపించేది.

ఎండలు ముదిరాయి. మా వైపు ఎండ సంగతి మీకు చెప్పనక్కర్లేదు. అప్పటిదాకా వారానికోసారి నీళ్లు మారిస్తే సరిపోయేది, ఇప్పుడు తొట్టిలో రోజుకు రెండు వేళ్ల నీళ్లు ఆవిరయ్యేవి. నేను ఎనిమిదింటికి పోతే ఆరింటికి వస్తాను. "నేను ఇంటికాడనే ఉంట గద, తాళంచెవి ఇయ్యి," అన్నాడు పెద్దనాయన. నీళ్లు ఎంతవరకు ఉండాలని అడిగాడు. చూపించాను. ముఖం చూసుకునే అద్దం మీద నేను అంటించి మరిచిపోయిన స్టిక్కర్ బొట్టు ఒకటి తీసుకొచ్చి తొట్టికి బయట సరిగ్గా ఆ ఎత్తులో అతికించాడు. "బొట్టు దాకా పోస్త. పరేషాన్ గాకు." తొట్టికీ కిటికీకీ నడుమ ఇరుకు సందులో ప్లాస్టిక్ స్టూలు వేసుకుని, గాలి కోసం మధ్యాహ్నమంతా అక్కడే కూర్చునేవాడట.

పోయడానికి నీళ్లు నేనే ఉప్పు కలిపి బకెట్లో పెట్టిపోయేదాన్ని. సముద్రం కదా, ఉప్పునీళ్లే. రెండో వారానికి చేపలు కూడా మందంగా తిరగసాగాయి. ఒక సాయంత్రం నేను తల పట్టుకుని కూర్చుంటే పెద్దనాయన తొట్టిలో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు.

"అయ్యో పెద్దనాయినా, చేపల నీళ్లవి!"

"వచ్చిన దినం గింత ఉప్పు లేకుండె."

అంటే మొదటి రోజు కూడా రుచి చూశాడన్నమాట. నమ్మలేక ఉప్పు కొలిచే గొట్టం పెట్టి చూశాను. ఆయన నాలుకే నిజం.

"బకెట్ల ఉన్నయి ఉప్పు నీళ్లా? నేను సప్పనీళ్లనుకొని పోస్తున్న గదనే!" అని ఆయన నెత్తి కొట్టుకున్నాడు. "వీపనగండ్లల మా పొలం గిట్లనే ఖరాబైంది బిడ్డా. ఎండకు పోయేది నీళ్లే. ఉప్పు ఏడికి పోతది? ఆడనే కూసుంటది. ఏటేటా నీళ్లు పెట్టుకుంట పోయినం, పొలమంత తెల్లగ చౌడెక్కింది. ఇత్తనం ఏస్తే మొలవలేదు."

రోజూ పదిమంది రక్తంలో ఉప్పు కొలిచేదాన్ని నేను. సముద్రాన్ని ఒక్కసారైనా చూడని మనిషి చెబితే తప్ప నాకు తట్టలేదు. ఆ రాత్రే మొత్తం మంచినీళ్లు పోసేద్దామని లేచాను. చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఒక్కసారి దించకు. దినానికింత దించు. చౌడు ఒక్కనాడు ఎక్కలేదు, ఒక్కనాడు దిగది." ఆ తర్వాత ఆయన తన ఇంటి నుంచి స్టీలు చెంబు తెచ్చుకుని, ఉప్పులేని ఫిల్టర్ నీళ్లు తానే పోసేవాడు.

ఒక మధ్యాహ్నం ఊరంతా కరెంటు పోయింది. పంపు ఆగితే నీళ్లలో గాలి ఉండదు. ల్యాబులో నాకు కాలు నిలవలేదు. ఫోన్ చేస్తే "నేను జూస్తున్న, నువ్వు నీ సూదులు జూసుకో" అని పెట్టేశాడు. కరెంటు వచ్చేదాకా, గంటన్నర, చాయ్ చల్లార్చినట్టు చెంబుతో తొట్టి నీళ్లే ముంచి ఎత్తు నుంచి పోస్తూ నిలబడ్డాడు. సాయంత్రానికి భుజం పైకి లేవలేదు. ఆ సంగతి ఆయన చెప్పలేదు, మా ఆయన చెప్పాడు.

ఇన్ని చేసినా నాకు నెమ్మది లేదు. రోజూ అదే ప్రశ్న, "ఎట్లున్నది పెద్దనాయినా?" ఆయనది అదే జవాబు, "మంచిగున్నది. పువ్వు లెక్క ఇచ్చుకున్నది." దవాఖానలో పడుకున్నవాళ్ల గురించి ఇంట్లోవాళ్లకు చెప్పే మాటలాగే వినిపించేది నాకు. ఒకరోజు విసుక్కున్నాను కూడా. "నాకోసం అబద్ధం జెప్తున్నవ్. నేనెప్పుడు జూసినా ముడుసుకునే ఉంటది."

ఆయనకు కోపం రాలేదు. "నువ్వొచ్చే టైంకు అది పండుకుంటది. అది లేసే టైంకు నువ్వు డ్యూటీల ఉంటవ్. ఐతారం నాడు ఈడొచ్చి కూసో, సూపిస్త."

ఆదివారం నేను కూర్చుంటేగా! అద్దాలు గీకుతూ, నీళ్లు మారుస్తూ, రాళ్లు సవరిస్తూ దాన్ని రోజంతా బెదరగొట్టేదాన్ని. ఆయన స్టూలు మీద నుంచి చూసి నవ్వేవాడు. "ఎద్దు ముంగట నిలబడకు అంటే ఇనవు గద," అనేవాడు.

ఆయన పోయిన రోజే, అంత్యక్రియలకు సొంతూరు వీపనగండ్లకు తీసుకుపోయారు. మేమూ వెళ్లాం. అక్కడా ఎండలో నిలబడి నేను తొట్టి గురించే ఆలోచించాను, దాచుకోను. తిరిగొచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. నీళ్లు బొట్టుకు రెండు వేళ్లు కిందికి దిగి ఉన్నాయి. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. చెంబు తొట్టి పక్కనే బోర్లించి ఉంది. నీళ్లు పోశాను. ఫోన్ లైటు కొట్టబోయి, ఆగిపోయాను.

మర్నాడు సెలవు పెట్టాను. అద్దం గీకలేదు, రాయి ముట్టలేదు. మధ్యాహ్నం చెంబు పట్టుకుని, ఆ ఇరుకు సందులోకి దూరి, మొదటిసారి ఆయన స్టూలు మీద కూర్చున్నాను.

అది విచ్చుకుని ఉంది. నిమ్మకాయంత కాదు, అన్నం పళ్లెమంత. పాదం రాతి సందులో గట్టిగా పాతుకుని ఉంది. మీసాలన్నీ కిటికీ వైపు, ఇన్నాళ్లు ఆయన కూర్చున్న వైపు చాచి మెల్లగా ఊగుతున్నాయి. ఒక చేప వాటి నడుమ దూరి, తల మాత్రం బయటపెట్టి నన్ను చూస్తోంది. పెద్దనాయన ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు.

వేలు ముంచి నాలుకకు రాసుకున్నాను. ఉప్పు సరిపోయిందో లేదో నాకు తెలియలేదు. చెంబు వంచి సన్నటి ధారగా పోయసాగాను. నీళ్లు పైకొచ్చి బొట్టును తాకాయి. అది ముడుచుకోలేదు.