కాలువ కట్టేసిన రోజులు

నా చిన్నప్పుడు ఎండలు ముదిరాయంటే మా కాలువ కట్టేసేవారు. ద్రాక్షారామం దగ్గర మా ఊరు. ఎగువన లాకుల తలుపులు దించేస్తే మా వీధి చివర నీళ్ళు రోజురోజుకీ సన్నబడి, చివరికి బురద మీద కొంగల అడుగులు మిగిలేవి. ఒక ఏడు వేసవంతా ఆ కాలువ గట్టు మీదే నేను పొద్దున్నా సాయంత్రం పరిగెత్తేదాన్ని.

బడి తెరవగానే కాకినాడ పరుగు పోటీలకు పిల్లల్ని ఎంపిక చేస్తామన్నారు. ఆడపిల్ల గట్టు మీద పరిగెత్తడమేంటని అడిగేవాళ్ళకి జవాబు చెప్పలేక మా నాన్న విసిగిపోయాడు. ఈసారి ఎంపిక కాకపోతే ఇంక పరుగు మాట ఎత్తకూడదన్నాడు.

అందుకే ఒక్కపూట కూడా మానలేదు. విచిత్రంగా, మొదట్లో తేలిగ్గా దాటిన దూరమే రానురాను కొండలా తోచింది. పిక్కలు బిగుసుకుపోయేవి. అన్నం సయించేది కాదు, నిద్ర సరిగా పట్టేది కాదు. పరుగు మందగించిన కొద్దీ భయపడి ఇంకా ఎక్కువ పరిగెత్తేదాన్ని.

గట్టు పక్కనే మా మేనత్త ఇల్లు. "ఏంటే అమ్మాయ్, గట్టు అరగదీసేస్తున్నావు! వానాకాలం గండి పడితే మీ నాన్న చేత పూడ్పిస్తాను" అని అరుగు మీంచి వేళాకోళమాడేది. ఒక సాయంత్రం నేను కుంటుకుంటూ పోతుంటే మాత్రం ఆవిడ నవ్వలేదు. మర్నాడు కబురొచ్చింది. కాలు బెణికిందట, మేడ మీద గుమ్మడి వడియాలు పెట్టిందట, కాకుల్ని తోలడానికి పిల్లని పంపమంది.

ఏడుస్తూనే వెళ్ళాను. తాటాకు నీడలో చేతికో కర్ర ఇచ్చి కూర్చోబెట్టింది. అడగకుండానే పెరుగన్నం, సున్నుండలు పైకి వచ్చేవి. కాకులు ఎప్పుడో గానీ వాలేవి కావు. వేడిగాలికి కళ్ళు మూతలు పడేవి. నిద్రకీ మెలకువకీ మధ్య ఎండిన కాలువ తేలుతున్నట్టు కనిపించేది. అందులో మనుషులు పూడిక తీస్తూ, కోసుకుపోయిన గట్టుకి మట్టి వేసి దిమ్మిసతో కొట్టి గట్టిపరుస్తూ ఉండేవాళ్ళు.

అలా ఎన్ని పూటలు గడిచాయో గుర్తులేదు. నా రోజులు పాడైపోతున్నాయని మేనత్త మీద విరుచుకుపడ్డాను. ఆవిడ నా పక్కన చతికిలబడి కాలువ వైపు చూపించింది.

"నీళ్ళు పారుతుండగా గట్టు వెయ్యగలరటే? కట్టేసినప్పుడేగా బాగుచేసేది!"

ఆవిడ లేచి వెళుతుంటే చూశాను. మొన్న కుడికాలు కుంటిన మనిషి ఇవాళ ఎడమకాలు కుంటుతోంది. పట్టుబడ్డానని తెలిసి, "ఏ కాలైతేనేంటే, వడియాలు ఎండాయా లేదా!" అని కసిరింది.

కాలువకి నీళ్ళు వదిలిన రోజు ఊరంతా గట్టెక్కింది. ఎర్రటి నీళ్ళు నురగతో, ఎండుటాకుల్ని తోసుకుంటూ పాకి వచ్చాయి. ఆడవాళ్ళు పసుపూ కుంకుమా వేశారు. నేను ఆ తొలినీటి పక్కన పరుగు మొదలుపెట్టి, దాన్ని దాటి, ఇంకా తడవని కాలువ పక్కన చాలా దూరం పోయాను. కాళ్ళు ఉన్నాయన్న ధ్యాసే లేదు.

బళ్ళో పరుగునాడు నాన్న గోడవతల నిలబడ్డాడు. ఎంపికైన వాళ్ళలో చివరి పేరు నాది. ఇంటికి రాగానే నాన్న, కాకినాడ బస్సు ఎన్నింటికో కనుక్కోమని అమ్మతో చెప్పాడు.

నేను కాలేజీ గడప తొక్కలేదు. కానీ మా గ్రంథాలయంలో శరీరం గురించి దొరికిన ప్రతి పుస్తకమూ చదివాను. సాధన కండరాన్ని అలిసేలా చేస్తుంది. అది బలపడేది ఆ తర్వాత, తిండీ నిద్రా అందినప్పుడు. గుండె కూడా మెల్లగా అలవాటుపడి, కొట్టుకున్న ప్రతిసారీ ఎక్కువ రక్తాన్ని తోయడం నేర్చుకుంటుంది. అందుకే పరుగు సాధన చేసేవాళ్ళ నాడి కూర్చున్నప్పుడు నిదానంగా ఆడుతుంది. ఆ పేజీ చదివిన రోజు నా మణికట్టు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మేనత్త ఆ పుస్తకాలేవీ చూడలేదు. అలిసిపోయిన పిల్లని చూసింది, అంతే.

ఇప్పుడూ ఆ గట్టు మీదే నడుస్తాను. వారానికో పొద్దు మాత్రం మానేసి మేడ మీద కుర్చీ వేసుకుంటాను. "ఏంటండీ, ఇవాళ నడకకి రాలేదూ?" అని కింద నుంచి పక్కింటాయన అడుగుతారు.

వడియాలు పెట్టి ఎన్నేళ్ళయిందో. అయినా, "కాకుల్ని తోలుతున్నానండీ" అంటాను.