బాబాయి కుట్టేసిన ఏరియల్

మా బాబాయి దర్జీ. ఎక్కడైనా దారం వేలాడుతూ కనిపిస్తే ఆయనకు అన్నం సయించదు. ఎదుటివాళ్ళ చొక్కా అంచున పోగు కనబడితే చాలు, మాట మధ్యలో ఆపి కత్తెర తీసేవాడు.

ఆయన కూతురు మొదటిసారి రేడియోలో కథ చదవబోతోంది. సాయంత్రం నాలుగింటికి, ప్రత్యక్ష ప్రసారం. చిన్నప్పుడు నత్తి వల్ల నలుగురిలో నోరు విప్పని పిల్ల. అందుకని బాబాయి పాత స్టీరియో రిసీవరొకటి కొని తెచ్చి, రెండు రోజులు దాని వెనకే కూర్చున్నాడు. ఎరుపు తీగ ఎరుపులోకి, నలుపు నలుపులోకి. కుడి స్పీకరు కుడికి, ఎడమది ఎడమకు. టేప్ డెక్కు కూడా తగిలించాడు.

నేను వెళ్ళేసరికి మూడు నలభై. క్యాసెట్ పెడితే పాట నిక్షేపంగా పలుకుతోంది. రేడియోకి తిప్పితే మాత్రం ఒకటే హోరు.

“సూదిలో దారం ఎక్కించినంత సులువన్నారుగా!” అంది పిన్ని.

“నువ్వు కాసేపు నోటికి గుండీ పెట్టుకోవే తల్లీ!”

ప్రతి తీగా పీకి మళ్ళీ పెట్టాడు. అదే హోరు. ముఖం నిండా చెమట. మూడు యాభై రెండు. నేను రిసీవరుతో వచ్చిన పుస్తకం తెరిచాను. అందులోని బొమ్మలో, స్టేషన్లను పట్టే ఏరియల్ తీగ గోడ మీద రెండు వైపులా బార్లా చాచి ఉంది.

“బాబాయ్, ఇదెక్కడ?”

“పెట్టానమ్మా. వెనకాల ఉంది చూడు.”

ఉంది. అయిదడుగుల తీగను అరచేతిలో పట్టేంత చుట్ట చుట్టి, తెల్లదారంతో టాకాలు వేసేశాడు.

“అలా వేలాడుతుంటే చూడలేకపోయానమ్మా,” అన్నాడు, నేల చూపులు చూస్తూ.

పిన్ని కత్తెర అందుకుంది. “నా జాకెట్టు ఏనాడైనా ఇంత గట్టిగా కుట్టారా?” అంటూ టాకాలన్నీ తెంపింది. మేకులు కొట్టే వ్యవధి లేదు. బాబాయి గోడకు వీపు ఆనించి, రెండు చేతులూ చాచి తీగ కొసలు పట్టుకున్నాడు. హోరు తెరలా తప్పుకుంది.

“శ్రోతలకు...” అని మా చెల్లెలి గొంతు. ఒక్క క్షణం ఆగింది. ముగ్గురం ఊపిరి బిగబట్టాం. “...నమస్కారం.” ఆ తర్వాత కథ ఎక్కడా తడబడలేదు.

బాబాయి కళ్ళనుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. పిన్ని తుడవబోతే, “నన్ను కదపకే, స్టేషన్ పోతుంది!” అన్నాడు.

కథ ముగిసింది. సంగీతం మొదలైంది.

“ఇంక దించండి, అయిపోయింది.”

“ఉండవే. చదివిందెవరో చెప్పలేదు ఇంకా.”

రేడియోవాళ్ళు చెల్లెలి పేరు, ఇంటిపేరుతో సహా చెప్పారు. అప్పుడు దించాడు చేతులు.