పెన్నుతో రాసిన పలకలు

ఆ ప్రయోగశాలలో ఆయన్ను అందరూ 'కోతలాయన' అనేవారు. రోజుకు పది మాటలు కూడా మాట్లాడని మనిషికి ఆ పేరు పెట్టడమే వేళాకోళం. ఆయన కోసేవి మైనపు దిమ్మెల్లో బిగించిన ఎలుకపిల్లల మెదళ్లు. వెంట్రుకకన్నా పలచని పొరలుగా కోసి, గాజుపలకల మీద పరిచి, స్పిరిట్లో ముంచి తీసేవాడు. ముప్పయ్యొక్కేళ్లుగా అదే స్టూలు, అదే కిటికీ.

పలక మీద పెన్సిలుతోనే రాయాలి. పెన్ను సిరాను స్పిరిట్ కడిగేస్తుంది. రోజూ పొద్దున్నే పెన్సిలు చెక్కి ఆయన జేబులో పెట్టేది అక్క. ఇంట్లో ఉన్నది వాళ్లిద్దరే. ఆమె పోయిన నాలుగో వారంలో చేతికి పెన్ను తగిలింది. ఏ లోకంలో ఉన్నాడో, దాంతోనే రాసేశాడు. నలభై పలకలూ తెల్లమొహాలేసుకుని బయటికొచ్చాయి.

అవి పరిశోధన చేసే అమ్మాయివి, ఏడాది కష్టం. కడుపులో ఉన్న పిల్ల మెదడులో తల్లికణాలు ఎప్పుడూ ఒకేలా ఉండవు. మొదట ఒక రకం నాడీకణాలను కంటాయి, కొన్నాళ్లకు మరో రకాన్ని. చివరికి నాడీకణాలను కనడం మాని, వాటికి తోడుండే కణాలను కంటాయి. ఏ రోజు ఏ రకమో తేల్చడానికి ఆమె కడుపుతో ఉన్న ఒక్కో ఎలుకకు ఒక్కో రోజున రంగు ఎక్కించింది. ఆ రోజు పుట్టిన కణాలకే రంగు పడుతుంది. ఇప్పుడు ఏ పలక ఏ రోజుదో తెలియదు.

"ఏడవకమ్మా, ఇలా రా" అని ఆయన మైక్రోస్కోపు ముందు కూర్చున్నాడు. గంటలో నలభైనీ వేరుచేశాడు. "ఇది పన్నెండో రోజుది, రంగు అడుగు వరసలో ఉంది. ఇది పదిహేనోది. కణాలు ముందు పుట్టిన పెద్దవాళ్లను దాటుకుని పైకెక్కి కూర్చున్నాయి చూడు."

"ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి!" అంది కళ్లు తుడుచుకుంటూ. "బాబాయ్, బతికించావు. పెన్సిలియ్యి, రాసేస్తా."

ఆయన ఇవ్వలేదు. "రంగు ఎక్కడుందో చూసి నేను రోజు చెప్పాను. రేపు నువ్వు ఆ రోజు చూసి, రంగు ఇక్కడుందని రాస్తావు. మన మాటే మనకు సాక్ష్యమవుతుంది కదమ్మా."

"ఎవరికి తెలుస్తుంది?"

"మనిద్దరికీ."

"తప్పు చేసింది నువ్వు. నీతులు నాకా?"

ఆమె పలకల వైపు చూసి, ఒక్కొక్కటే పగిలిన గాజుముక్కల డబ్బాలో పడేసింది.

తప్పు తనదేనని ఆయన ప్రొఫెసరుకు చెప్పాడు. ప్రతి మెదడులోనూ రెండో సగం మైనంలో భద్రంగా ఉంది, చీటీలతో సహా. ఆయన రిటైర్మెంటుకు మిగిలింది రెండు నెలలే. ఆదివారాలు కూడా వచ్చి కోశాడు. ఎదురు బల్ల దగ్గరే ఆమె పని. అవసరమైతే మాట్లాడకుండా కాగితం మీద రాసి పెట్టేది.

ఆఖరి రోజు ఆఖరి పళ్లెం అందించాడు. ఆమె ప్రతి పలకనూ వెలుగుకు పెట్టి చదివింది.

"అన్నీ సరిగ్గా ఉన్నాయి సార్. థాంక్సండీ."

'సరే మేడమ్' అందామనుకున్నాడు.

"వస్తానమ్మా" అన్నాడు.