రెండు అట్టల వైపు నుంచీ రాసిన నోట్‌బుక్

కుంకుమపువ్వు వాసన తగిలితే చాలు, ఎంత దగ్గరివాళ్ల పెళ్లయినా బిర్యానీ ముందు నుంచి లేచిపోతాను. మావాళ్లు పొగరనుకుంటారు. అనుకోనీ. నాకది విందు వాసన కాదు, తొంభైల చివర్లో భవానీపురంలో మేమున్న రెండు గదుల ఇంటి వాసన.

వానాకాలమంతా ఆ ఇంటి గోడలు చెమ్మగిల్లి, కృష్ణ మీది గాలికి బురద వాసన వచ్చేది; రంజాన్‌కి దాదీమా, అంటే మా నాన్నమ్మ, నేతిలో వేయించే సేమ్యా, ఖర్జూరాల ఘుమఘుమ సందు చివరిదాకా పోయేది; నేనూ, చెల్లెలు మున్నీ గచ్చు మీద సుద్దముక్కతో గళ్లు గీసి, రేకుడబ్బాలోంచి గవ్వలు ఒంపుకుని అష్టాచెమ్మా ఆడేవాళ్లం. ఓడిపోతే మున్నీ గవ్వల మీద కూర్చుని ఓ పట్టాన లేచేది కాదు.

అబ్బా మంగళగిరిలో సైన్సు మాస్టారు. బస్సు దిగి ఇంటికొచ్చి, టీ తాగి, లావుపాటి నోట్‌బుక్ ముందేసుకునేవాడు. ఒక అట్ట వైపు నుంచి తెలుగులో, విశ్వం పుట్టుక గురించి సైన్సు చెప్పేది రాసేవాడు. తిరగేసి రెండో అట్ట వైపు నుంచి ఉర్దూలో, అల్లా సృష్టి. రెండు రాతలూ నడిమి పేజీలో కలుసుకోవాలట, అక్కడ రెంటికీ సరిపోయే ఒకే వాక్యం రాయాలట. బడిలో నవ్వేవాళ్లు, మసీదులో ముఖం తిప్పుకునేవాళ్లు. ఆయనకి లెక్కే లేదు. తలుపు గడియకి దారంతో రాయి వేలాడదీసి ఊపుతూ నాకు నేర్పేవాడు: "దారం పొడుగో, రాయి బరువో, ఒక్కటే మార్చవే, మిగతావి కదపకు. అప్పుడే నిజం తేలుద్ది."

నేను ఐదో క్లాసులో ఉండగా మున్నీకి టైఫాయిడ్ వచ్చింది. డాక్టరు రెండు వారాలకి మాత్రలు రాశాడు. అమ్మీకి కుట్టుమిషన్ దగ్గర తీరికుండదని అవి వేసే పని నాకప్పగించారు. దాదీమా తెల్ల పింగాణీ పళ్లెంలో పన్నీరు కలిపిన కుంకుమపువ్వుతో దువా, అంటే ప్రార్థన, రాసి, నీళ్లతో కడిగి, ఆ పచ్చటి నీళ్లు తాగించేది. ఆరో రోజుకి జ్వరం దిగింది. మున్నీ లేచి కూర్చుని గవ్వలడిగింది.

"నా పళ్లెం నీళ్లేరా తగ్గించింది," అంది దాదీమా.

"మందు కూడా అల్లా ఇచ్చిందే కదమ్మా," అని నవ్వి, అబ్బా నోట్‌బుక్ వైపు చూసి నిట్టూర్చాడు. "రెండూ కలిపి ఇస్తే ఏది తగ్గించిందో ఎలా తేలుద్ది?"

నేను తేల్చిపెడదామనుకున్నాను. అబ్బా మురిసిపోతాడనుకున్నాను, అంతే, దేవుడి తోడు. మర్నాటి నుంచి పళ్లెం నీళ్లు ఎప్పట్లాగే తాగనిచ్చి, మాత్రలు మాత్రం గవ్వల డబ్బాలో వేశాను. మున్నీకి ఆ చేదు పడదు, కిమ్మనలేదు. మళ్లీ జ్వరం కాసిన పూట భయపడి రెండు మాత్రలు ఒకేసారి వేశాను, కక్కేసింది. ఆస్పత్రికి చేర్చేసరికే పేగుకి చిల్లు పడిందన్నారు. మూడో రోజు పోయింది. డబ్బాలోని మాత్రలు ఎవరూ చూడకుండా కాలవలో పారేశాను.

ఆ తర్వాత అబ్బా నమాజుకి పోలేదు. గడియకి దారమూ కట్టలేదు. నోట్‌బుక్ బీరువా మీదికి చేరింది. చెబుదామని ఎన్నిసార్లు ఎదురుగా వెళ్లి నిలబడ్డానో! "ఏంటే?" అనేవాడు. "ఏం లేదబ్బా," అనేదాన్ని. ఇరవై ఏళ్లు అదే మాట.

దాదీమా లేదు, ఆ పళ్లెం లేదు, ఆ ఇంటి చోట అపార్టుమెంటు లేచింది. మొన్న అబ్బా కూడా పోయాక నోట్‌బుక్ దించాను. రెండు రాతల మధ్యా బోలెడు తెల్ల పేజీలు, సరిగ్గా నడిమి పేజీలో మటుకు ఒక్క వాక్యం: "మున్నీకి మందూ పనిచేయలేదు, దువా పనిచేయలేదు, కాబట్టి ఇక రాయను."

దాని కిందే రాశాను. "మందు పనిచేయకపోవడం కాదబ్బా. నేనే వెయ్యలేదు."

చదవాల్సిన మనిషి లేడు.