మేము పోనియ్యని సుశీలమ్మ

మా ఊరి దవాఖాన నర్సు సుశీలమ్మ నిజామాబాద్‌లో జ్వరంతో దివంగతురాలైందని బోధన్ బస్సు కండక్టరు చెప్పంగనే, నా చేతుల చాయ గిన్నె పొయ్యిల ఒలికింది. నాలుగో తరగతిలోనే బడికి దండం పెట్టి, పంతులుకు విముక్తి ప్రసాదించినవాణ్ని. ఆ మహనీయురాలి గురించి రాసే అర్హత నాకు లేదు. అయినా రాయాలె. ఆమెను ఈ చెరుకు తోటల నడుమ కట్టేసింది నేనే.

ఆడోళ్ళ కింది రెప్ప గుంజి చూసేది. "సున్నమేసిన గోడ లెక్క తెల్లగున్నది. రక్తమేది?" అనేది. ఉత్త కాళ్ళతో చెరుకు బురదల తిరిగితే పాదాలకెళ్ళి పురుగు ఎక్కి, పేగుల్ల రక్తం తాగుతదని చెప్పేది. మేము నవ్వేటోళ్ళం.

నా భార్య గంగామణికి ఆరో నెల. నాలుగడుగులేస్తే ఆయాసం. చాటుగ పచ్చిబియ్యం బుక్కేది. నర్సమ్మ ఇనుము గోలీలిచ్చింది. రెండు నెలలైనా రెప్ప ఎర్రబడలేదు. ఒకనాడు ఆమే మా చాయ హోటలుకొచ్చి, నేను గంగామణికి గోలీ, దాని మీద చిక్కటి చాయ ఇచ్చుడు చూసింది.

"దినాం గిట్లనేనా, రాజన్నా?"

"అవునమ్మా. నా చాయకు రాయి గూడ అరుగుతది."

"రాయి అరుగుతదేమో గని, ఇనుము ఒంటికి పట్టది. పెండ్లానికి నువ్వే అడ్డం పడ్డవు గదయ్యా. నిమ్మకాయ నీళ్ళతోని ఇయ్యి."

ఆ వారమే ఆమెకు వరంగల్ బదిలీ కాగితం వచ్చింది. అక్కడ అక్క ఇంట్ల పెరుగుతున్న ఒక్కగానొక్క బిడ్డ కోసం ఆ వితంతువు ఏండ్ల తరబడి పెట్టుకున్న అర్జీ ఫలం అది. కాన్పు దగ్గరపడ్డది, నాకు కాళ్ళు చేతులాడలేదు. "నర్సమ్మను పంపొద్దు" అని రాసి, ఇల్లిల్లు తిరిగి వేలిముద్రలేయించి, పెద్దాఫీసుల ఇచ్చొచ్చిన. బదిలీ ఆగింది. మళ్ళ రాలేదు.

గంగామణి బతికింది. కొడుకు పుట్టిండు. బొడ్డు కోసినంక నర్సమ్మ చేతులు కడుక్కుంట అన్నది:

"కాగితం రాసింది నువ్వేనని తెలుసు. గంత వంకర రాత తాలూకాల ఇంకెవ్వనికి లేదు."

నవ్వబోయిన. ఆమె నవ్వలేదు.

"నా బిడ్డ మా అక్కనే అమ్మా అంటది. నన్ను నర్సమ్మ అంటది, మీ లెక్కనే."

అటెన్క గూడ ఆమె మా ఇంటికి రావుడు మానలేదు.

మొన్న అంత్యక్రియలకు వరంగల్ నుంచి నర్సమ్మ బిడ్డ వచ్చింది. ఎవరి పక్కన నిలబడాలో తెలువక, ఆడోళ్ళ వెనుక నిలబడ్డది. ఊరు ఊరంతా అమ్మా అని శోకిస్తుంటే, ఆ ఒక్క గొంతే లేవలేదు. ఆ పుణ్యమూర్తికి చేతులు జోడిద్దామని పోయిన నేను, ముందు ఆ పిల్లకు జోడించిన.