ఖాళీగా వదిలిన సోమవారం

నా చిన్నప్పుడు తార్నాకలో మేము అద్దెకున్న ఇంటి నుంచి యూనివర్సిటీ లోపలికి పది నిమిషాల నడక. గుంటూరు వైపు నుంచి ఉద్యోగం కోసం వచ్చిన కుటుంబం మాది. మా నాన్న భూగర్భశాస్త్ర విభాగంలో ల్యాబ్ అసిస్టెంటు. బడి వదిలాక నేను నేరుగా నాన్న దగ్గరికి వెళ్లి, ఆ విభాగం వెనుకున్న షెడ్డులో కూర్చుని లెక్కలు చేసుకునేదాన్ని. నాకప్పుడు పదేళ్లో పదకొండో. అరవైల చివరి సంగతి. అప్పట్లో నేను రాసిన నోటుబుక్కుకు సంవత్సరం వేసిన అట్ట ఊడిపోయింది కనుక కచ్చితంగా చెప్పలేను.

ఆ షెడ్డులో ఒక పికప్ బండి ఉండేది. అమెరికా నుంచి రెండేళ్ల పని మీద వచ్చిన ఒక ప్రొఫెసరు, రాళ్ల నమూనాలు మోయడానికి తెప్పించుకుని, వెళ్లేటప్పుడు విభాగానికి వదిలి వెళ్లాడు. దానికి క్లచ్చి లేదు. గేర్లు వాటంతట అవే మారేవి. విభాగంలో అందరికీ అదొక వింత, దాంతోపాటే ఒక అనుమానం. ఆటోమేటిక్ గేరుబాక్సు మన ఎండలకు ఎన్నాళ్లు ఆగుతుంది? రెండేళ్లని ఒకరు, అంత కూడా కాదని ఇంకొకరు. పాడైతే బాగుచేసేవాడు ఊళ్లో లేడని మాత్రం అందరూ ఒప్పుకునేవారు.

దాన్ని నడిపే మనిషిని నేను డ్రైవర్ మామ అనేదాన్ని. సీతాఫల్‌మండి నుంచి సైకిలు మీద వచ్చేవాడు. అంతకుముందు ఏళ్ల తరబడి గేటు దగ్గర స్టూలు మీద కాపలా కూర్చున్నాడు. ప్రొఫెసరు నేర్పిస్తే డ్రైవరయ్యాడు. బండి ఉన్నంతకాలమే ఆ పోస్టు. బండి పోతే మళ్లీ స్టూలే. ఈ మాట ఆయన నోట ఎప్పుడూ రాలేదు, నాన్న చెబితే తెలిసింది.

ప్రతి సోమవారం సాయంత్రం బండి తిరిగొచ్చి ఇంకా వేడిగా ఉండగానే, ఇంజను ఆపకుండా బానెట్టు లేపేవాడు. గేరుబాక్సులో నూనె ఎంతుందో చూసే పొడవాటి ఇనుప గేజిని బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీసేవాడు. నూనె గీత దాకా ఉందా అని చూసేవాడు. మాడు వాసన వస్తోందా అని ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. చివరికి నాన్న ఇచ్చిన ఫిల్టర్ కాగితం మీద ఒక చుక్క రాల్చేవాడు. ఆ నూనె ఎర్రగా, దానిమ్మ రసంలా ఉండేది. గేరుబాక్సు లోపల కాలిపోతుంటే అది గోధుమ రంగుకు తిరుగుతుందని ప్రొఫెసరు చెప్పాడట. డ్రైవర్ మామకు సంతకం తప్ప రాయడం రాదు. అందుకని ఆ కాగితం మీదే తేదీ వేసి, రెండు ముక్కలు రాసి, నోటుబుక్కులో అతికించడం నా పని.

"ఏం చూసినవో రాయి. ఎట్ల చూసినవో గది గూడ రాయి బిడ్డా," అనేవాడు.

ఒక సోమవారం నాకు జ్వరమొచ్చింది. రాసే మనిషి లేదని ఆ రోజు ఆయన చుక్క వేయలేదు. మర్నాడు నేను వెళ్లి, వరస తప్పడం ఇష్టంలేక, కిందటి వారం రాసిందే మళ్లీ ఒక ఫిల్టర్ కాగితం మీద ఎక్కించి అతికించాను. నాన్న కలంలోని ఎర్ర సిరాతో ఒక చుక్క కూడా వేశాను. పై సోమవారం డ్రైవర్ మామ పుస్తకం తెరిచి, ఆ పేజీని వెలుతురుకు పట్టుకున్నాడు. నూనె చుక్కలున్నచోట కాగితం గుండా వెలుగు కనబడుతుంది. సిరా చుక్క దగ్గర కనబడలేదు.

"నువ్వు చూసినవా?"

"లేదు మామా."

"మరి నీ చెయ్యి ఎట్ల రాసింది?"

కోప్పడలేదు. నా చేతే ఆ కాగితం పీకించి, చూడలేదంటే చూడలేదనే రాయమన్నాడు. "జ్వరం. చూడలేదు." అని రాశాను. మిగతా పేజీ అంతా ఖాళీ. అంత నీటైన పుస్తకం చెడిపోయిందని ఆ రోజు నాకు ఏడుపొచ్చింది.

కొన్ని నెలలకు, తమ్ముడి పెళ్లికని ఆయన పది రోజులు సెలవు పెట్టాడు. ఆయన బదులు వేరే విభాగం నుంచి ఒక జీపు డ్రైవరు వచ్చాడు. సోమవారం ఆ జీపు డ్రైవరు ఇంజను ఆపేసి, చాయ్ తాగొచ్చి, తీరిగ్గా గేజి లాగాడు. మామ ఇంజను నడుస్తుండగా చూస్తాడని నేను మెల్లగా అన్నాను.

"అరే, గుంటూరు పిల్లా! ఇరవై ఏండ్ల సంది జీపు నడుపుతున్న. నడిచే ఇంజన్ల ఎవడన్న ఆయిల్ చూస్తడా?" అని నవ్వాడు. నూనె గీతకు చాలా పైన ఉంది. "చూడు, మీ మామ ఎంత ఎక్కువ పోసిండో," అంటూ ల్యాబులోని రబ్బరు గొట్టం తెచ్చి, నోటితో లాగి, రెండుసార్లు థూ థూ అని ఉమ్మి, డాల్డా డబ్బా నిండా నూనె తీసేశాడు. నాకేం చేయాలో తోచలేదు. రాయడం ఒక్కటే తెలుసు. చూసింది చూసినట్టు రాశాను. "ఇంజను ఆపి చూశారు. గీతకు పైన ఉంది. డాల్డా డబ్బా నిండా తీశారు. ఎరుపు."

ఆ బుధవారం రాళ్ల బరువుతో, నీళ్ల ట్యాంకు దగ్గరికి ఎక్కే రోడ్డు మీద బండి ఆగిపోయింది. ఇంజను గోల పెడుతోంది, చక్రాలు కదలవు. నలుగురూ తోసి షెడ్డుకు చేర్చారు. గేరుబాక్సు అయిపోయిందని సాయంత్రానికల్లా విభాగమంతా పాకింది. పనికిరాదని రాసివ్వడానికి శనివారం వర్క్‌షాపు ఆఫీసరు వస్తారన్నారు.

శుక్రవారం డ్రైవర్ మామ దిగాడు. నేను పుస్తకం తీసి చదివాను. మళ్లీ చదివించుకుని, జరిగింది విడమరిచి చెప్పాడు. ఇంజను నడిస్తే నూనె గేరుబాక్సు లోపలంతా తిరుగుతుంది. ఆపేస్తే కిందికి దిగి, ఎక్కువున్నట్టు కనబడుతుంది. జీపు డ్రైవరు సరిపోను ఉన్న నూనెనే తోడేశాడు. మరి వెంటనే పోసేయవచ్చు కదా అన్నాను. "ఇప్పుడు పోస్తె ఏదో మాయ చేసిన అంటరు. సారు ముంగటనే పోద్దాం," అన్నాడు. ఆ రాత్రి నాకు ఆ స్టూలే కళ్లలో మెదిలింది.

ఆఫీసరు వచ్చి పుస్తకం తిరగేశారు. వారం వారం ఒకేలా చుక్కలు, ఒకేలా ముక్కలు. "ఇదంతా నిన్న ఒక్కరోజు ఈ పిల్లను కూర్చోబెట్టి రాయించావు కదయ్యా," అన్నారు. డ్రైవర్ మామ తల దించుకున్నాడు. అంతలో ఆఫీసరు చేయి ఒక పేజీ దగ్గర ఆగింది. కాగితం పీకిన జిగురు మరక, కింద రెండు మాటలు.

"ఇదేమిటమ్మా?"

"జ్వరమొచ్చిందండి. ముందు సిరాతో దొంగచుక్క వేశాను. మామ పీకించేశాడు."

ఆఫీసరు కిటికీ దగ్గరికి వెళ్లి ఒక్కొక్క చుక్కనూ వెలుగుకు పట్టి చూశారు. డాల్డా డబ్బా సంగతి రెండుసార్లు చదివారు. "స్టార్ట్ చెయ్," అన్నారు.

ఇంజను వేడెక్కాక గేజి తీస్తే, నూనె గీతకు ఎంతో కింద ఉంది. బీరువాలో మిగిలిన ఒకే ఒక్క సీలు డబ్బా తెరిచి, కొద్దికొద్దిగా పోస్తూ గీత దాకా తెచ్చాడు డ్రైవర్ మామ. అవే రాళ్ల బరువుతో, ఆఫీసరును పక్కన కూర్చోబెట్టుకుని ట్యాంకు రోడ్డెక్కాడు. నేను కింద నిలబడి చూశాను. బండి ఎక్కడా ఆగలేదు.

తిరిగొచ్చాక ఆఫీసరు జీపు డ్రైవరు గురించి అడిగారు. "ఆయన తప్పేం లేదు సారు. జీపుకైతె అట్లనే చూడాలె. ఈ బండిని చూసే తరీఖ నేనే చెప్పి పోలేదు," అన్నాడు మామ. పై సోమవారం నుంచి ఆ జీపు డ్రైవరు కూడా వచ్చి, నడిచే ఇంజను పక్కన చేతులు కట్టుకుని నిలబడేవాడు.

"అయితే ఇది ఇంకా ఎన్నేళ్లు నడుస్తుందంటావు?" అని ఆఫీసరు వెళ్తూ అడిగారు.

"నాకేమెరుక సారు. ఇయ్యాల్టి మట్టుకైతె ఆయిల్ ఎర్రగనే ఉన్నది."

ఆ నోటుబుక్కు నిండిపోయాక, ఇంకొకటి కొని నా రోజులు రాసుకోవడం మొదలుపెట్టాను. ఇప్పటికీ ఆపలేదు. వాటిలో ఖాళీ రోజులు చాలా ఉన్నాయి. ప్రతి ఖాళీ కిందా కారణం ఉంటుంది. మిగతా పేజీలను నేను ధైర్యంగా నమ్మేది వాటి వల్లే.

ఆ బండి చివరికి ఎన్నేళ్లు నడిచిందని ఈ కథ విన్నవాళ్లు అడుగుతారు. మేము విద్యానగర్‌కు ఇల్లు మారేనాటికి నడుస్తూనే ఉంది, దాన్ని నడుపుతున్నది డ్రైవర్ మామే. ఆ తర్వాతి సంగతి నేను చూడలేదు.